బ్యాక్‌లాగ్

విశ్వవిద్యాలయ విద్యార్థి ఒక సబ్జెక్టులో ఉత్తీర్ణుడు కానప్పుడు, తిరిగి ఉత్తీర్ణత పొందేవరకు అతని ఖాతాలో మిగిలి ఉండే ఆ సబ్జెక్టును బ్యాక్‌లాగ్ అంటారు. పరీక్ష తప్పడం, సబ్జెక్టు పోవడం, సబ్జెక్టు ఉండిపోవడం అనేవి వాడుక మాటలు. ఒక సబ్జెక్టు తప్పినంత మాత్రాన విద్యార్థి చదువు ఆగిపోదు. చాలా సందర్భాలలో అతడు తరువాతి సెమిస్టరుకు వెళ్ళి, తప్పిన పరీక్షను సప్లిమెంటరీలో మళ్ళీ వ్రాస్తాడు.

ప్రాంతీయ నేపథ్యం

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల నడుమ ఉన్న ఉంగుటూరు ప్రాంతపు విద్యార్థులు చదివే సంస్థలన్నింటికీ నిబంధనలు ఒకటి కావు. 1945లో ఏలూరులో స్థాపించిన సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల వంటి డిగ్రీ కళాశాలలు మొదట ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఉభయ గోదావరి జిల్లాల డిగ్రీ కళాశాలలు దాని పరిధిలోకి వచ్చాయి. ఇంజనీరింగు కళాశాలలకు 2008లో ఏర్పడిన కాకినాడ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం అనుబంధం ఇస్తుంది. 2015లో తాడేపల్లిగూడెంలో ప్రారంభమైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ (నిట్), స్వయంప్రతిపత్తి గల కళాశాలలు సొంత నిబంధనలను పాటిస్తాయి.

పూర్వం డిగ్రీకి వార్షిక పరీక్షలు ఉండేవి. "మార్చి పోతే సెప్టెంబరు" అనే నానుడి ఆనాటిదే. సెమిస్టరు పద్ధతి వచ్చిన తరువాత ఒక్కొక్క సబ్జెక్టుకు క్రెడిట్లు కేటాయిస్తున్నారు.

ఉత్తీర్ణత లెక్క

కాకినాడ విశ్వవిద్యాలయపు ఆర్20 నిబంధనల ప్రకారం థియరీ సబ్జెక్టుకు 100 మార్కులు. వీటిలో అంతర్గత మూల్యాంకనానికి 30, సెమిస్టరు చివరి పరీక్షకు 70. ఉత్తీర్ణతకు రెండు షరతులున్నాయి.

* చివరి పరీక్షలో కనీసం 35% మార్కులు రావాలి.
* రెండూ కలిపి కనీసం 40 మార్కులు రావాలి.

ఉదాహరణకు అంతర్గతంలో 28, చివరి పరీక్షలో 20 వచ్చిన విద్యార్థికి మొత్తం 48 అయినా, మొదటి షరతు నెరవేరనందున అతడు తప్పినట్లే. అంతర్గతంలో 12, చివరి పరీక్షలో 25 వచ్చిన విద్యార్థికి మొత్తం 37 మాత్రమే కనుక అతడూ తప్పినట్లే. సప్లిమెంటరీలో అంతర్గత మార్కులు మారవు. కనుక రెండవ విద్యార్థి ఈసారి కనీసం 28 తెచ్చుకోవాలి. అంతర్గత పరీక్షలను నిర్లక్ష్యం చేసినవారికి ఈ భారం ప్రతి ప్రయత్నంలోనూ కొనసాగుతుంది.

తప్పిన సబ్జెక్టుకు ఎఫ్ గ్రేడు, సున్నా గ్రేడు పాయింట్లు వస్తాయి. దాని క్రెడిట్లు జమ కావు గాని, సెమిస్టరు సగటును లెక్కించేటప్పుడు ఆ సున్నాను కూడా కలుపుతారు. అందువలన ఎక్కువ క్రెడిట్లున్న సబ్జెక్టు పోతే సగటు బాగా పడిపోతుంది.

తప్పిన తరువాత

ఫలితాలు వెలువడిన తరువాత నిర్ణీత గడువులోగా రుసుము చెల్లించి మార్కుల పునఃలెక్కింపు, జవాబుపత్రపు పునర్మూల్యాంకనం కోరవచ్చు. వాటితో ఫలితం మారకపోతే సప్లిమెంటరీ పరీక్షకు విడిగా రుసుము చెల్లించాలి. తరువాతి సెమిస్టరు పాఠాలతో పాటు పాత సబ్జెక్టును కూడా చదువుకోవలసి రావడం విద్యార్థికి అసలైన ఇబ్బంది. గణితం వంటి పునాది సబ్జెక్టు తప్పితే దానిపై ఆధారపడిన తరువాతి సబ్జెక్టులు కూడా కష్టమవుతాయి.

డిటెన్షన్

బ్యాక్‌లాగ్, డిటెన్షన్ ఒకటి కావు. డిటెన్షన్ అయిన విద్యార్థి పైతరగతికి వెళ్ళకుండా ఆగిపోతాడు. ఇందుకు కారణాలు రెండు: హాజరు చాలకపోవడం, క్రెడిట్లు చాలకపోవడం. ఆర్20 నిబంధనలలో 75% హాజరు ఉండాలి. తగిన కారణం చూపితే 65% వరకు మినహాయింపు ఇవ్వవచ్చు. అంతకంటె తగ్గితే పరీక్ష వ్రాయనివ్వరు, ఆ సెమిస్టరును మళ్ళీ చదవాలి. రెండవ సంవత్సరం నుండి మూడవ సంవత్సరానికి, మూడవ సంవత్సరం నుండి నాలుగవ సంవత్సరానికి వెళ్ళడానికి నిర్ణీత క్రెడిట్లలో 40% సాధించి ఉండాలి. నాలుగేళ్ళ బి.టెక్‌ను చేరిన నాటి నుండి ఎనిమిది విద్యాసంవత్సరాలలో పూర్తిచేయనివారు సీటు కోల్పోతారు.

ఉద్యోగాలపై ప్రభావం

ప్రాంగణ నియామకాలకు వచ్చే అనేక సంస్థలు మిగిలి ఉన్న బ్యాక్‌లాగ్‌లు ఉండరాదని షరతు పెడతాయి. అన్ని సబ్జెక్టులూ పూర్తయితే గాని పట్టా రాదు కనుక, చివరి సంవత్సరంలో మిగిలిన ఒక్క సబ్జెక్టు ఉద్యోగాన్ని, ఉన్నత విద్యా ప్రవేశాన్ని ఆపగలదు. తరువాత ఉత్తీర్ణులైతే పట్టాకు అడ్డంకి తొలగిపోతుంది.

ఇవి కూడా చూడండి

* ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం
* ఉంగుటూరు
* సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల