సైనికుడి నాడి, సైనికుడి బుద్ధి

పరీక్ష హాలులో ప్రశ్నపత్రం అందుకునేటప్పుడు కొందరు పిల్లల చేతులు వణకడం మా ఉపాధ్యాయులందరికీ తెలిసిందే. పాపం, వీడేం రాస్తాడులే అనుకుంటాం. నా విషయంలో ఆ లెక్క చాలాసార్లు తప్పింది. సైన్యాలు కూడా ఇలాంటి లెక్కే వేశాయి. అక్కడ తప్పితే పోయేవి మార్కులు కావు.

మొదటి ప్రపంచయుద్ధం నాటికి విమానం పుట్టి పుష్కరకాలమే. ఫ్రాన్సులో కామూ, నెప్పర్ అనే ఇద్దరు పరిశోధకులు విమానచోదకులు కాదలచిన యువకులకు ఒక పరీక్ష పెట్టారు. చేతి వణుకు, ఊపిరి, రక్తనాళాల సంకోచం యంత్రం మీద గీతలుగా నమోదవుతుండగా పక్కన హఠాత్తుగా పిస్తోలు పేల్చేవారు. గీత బాగా చెదిరిందంటే ఆ యువకుడు పనికిరాడన్నమాట! అలా తిప్పి పంపినవాళ్లు విమానం ఎలా నడిపి ఉండేవారో చూసే అవకాశమే లేదు కదా.

1918లో అమెరికాలోని మినియోలాలో ఇంకాస్త లోతుగా చూశారు. యాండెల్ హెండర్సన్ తయారుచేసిన పరికరంలో మనిషి తాను వదిలిన గాలినే మళ్లీ మళ్లీ పీల్చాలి. ప్రాణవాయువు తగ్గుతూ వస్తుంది. కుర్చీలో కూర్చునే ఆకాశంలో పైపైకి పోతున్నట్టు! ష్నైడర్ నాడి, రక్తపోటు చూస్తుంటే, నైట్ డన్లప్ అనే మనస్తత్వవేత్త ఏకాగ్రత కావలసిన పనులు చేయించేవాడు. కొందరు రక్తపోటు పడిపోయి సొమ్మసిల్లేవారు. మరికొందరిలో రక్తప్రసరణ నిలకడగా ఉండగానే బుద్ధి మందగించేది. అంటే నాడి బాగుందని తల బాగా పనిచేస్తోందనుకోవడానికి లేదు. అయినా 1920లో ష్నైడర్ నాడికీ రక్తపోటుకూ కలిపి 18 మార్కుల పట్టిక ప్రకటించాడు. మార్కుల మీద మోజు మాకొక్కరికే కాదు సుమా.

1940లో పెన్సకోలాలో వెయ్యిమందికి పైగా నౌకాదళ వైమానికులను గుండె, రక్తపోటు, మెదడు తరంగాలతో సహా పరీక్షించారు. శిక్షణలో ఎవరు నెగ్గుతారో చెప్పడానికి శరీర పరీక్షలు పెద్దగా అక్కరకు రాలేదు.

చార్లెస్ మోర్గాన్ బృందం మరో దారి పట్టింది. ఫోర్ట్ బ్రాగ్‌లో సైనికులను శత్రువుకు చిక్కిన బందీల్లా ఉంచి, తిండీ నిద్రా తగ్గించి, గద్దించి ప్రశ్నించే శిక్షణ ఒకటుంది. ఆ సమయంలోనే రక్తం తీసి చూశారు. నరాల నుంచి వెలువడే న్యూరోపెప్టైడ్ వై అనే పదార్థం ప్రత్యేక దళాలవారిలో మిగతావారికంటే ఎక్కువగా పెరిగింది. ఒకరోజు గడిచేసరికి వారిలో మామూలు స్థాయికి వచ్చింది. మిగతావారిలో అంతకంటే కిందికి దిగజారింది. అది ఎక్కువగా ఉన్నవారు శిక్షణలో మెరుగ్గా రాణించారని 2000లో ప్రకటించారు. ఒత్తిడికి శరీరం కదలడం లోపం కాదన్నమాట. కదిలాక ఎంత త్వరగా కుదుటపడుతుందన్నదే అసలు సంగతి. అయితే ఇవన్నీ గుంపుల సగటులు. ఒక్కడి జాతకం వీటితో చెప్పలేం.

అదే బృందం 2004లో అయిదువందల మందికి పైగా శిక్షణార్థులను ఇంకో ప్రశ్న అడిగింది. అరగంటకు పైగా ఎదుట నిలిచి ప్రశ్నించిన మనిషి ఎవరు? విడుదలైన మరునాడే అడిగినా, తీవ్రంగా బెదిరింపుకు గురైనవారిలో చాలామంది వేరే మనిషిని చూపించారు.