‘గృహిణి’ అని రాసే గడి: నర్సాపురం లేసు, భిలాయ్ శాలువా



దరఖాస్తు ఫారాల్లో ‘తల్లి వృత్తి’ అని ఒక గడి ఉంటుంది. మీలో చాలామందిలాగే నేనూ అందులో ప్రతిసారీ ‘గృహిణి’ అని రాసి ముందుకెళ్లిపోయేవాణ్ని. కిందటి డిసెంబరులో ఒక ఫారం నింపుతుంటే అమ్మ వెనక నిలబడి చూసి, “తొమ్మిదో ఏట నుంచి పని చేశాను కదరా, ఆ గడిలో అది పట్టదా?” అంది. నేను నవ్వేశాను. తర్వాత ఒక పుస్తకం చదువుతున్నప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. అందుకే ఈ వ్యాసం.

జీఎస్ పేపర్ 1లో ఆధునిక చరిత్ర, స్త్రీల స్థితిగతులు వేరువేరు అధ్యాయాలుగా చదువుతాం. అవి రెండూ ఒకే దారంతో ఎలా ముడిపడ్డాయో ఇక్కడ చూద్దాం.

భిలాయ్‌లో ఒక చలికాలం

మా ఊరి కథ మీకు తెలిసిందే. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. రెండో పంచవర్ష ప్రణాళిక గురించి రాసే ప్రతి జవాబులోనూ ఇది ఉంటుంది. జవాబులో ఉండనిది ఇంకొకటి: కొలువుల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్మికుల వెంట వాళ్ల భార్యలూ వచ్చారు. గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లలో ఒకరి భాష ఒకరికి రాకుండా కాపురాలు మొదలుపెట్టారు.

అమ్మ 1986లో పెళ్లయి నర్సాపురం పక్క పల్లె నుంచి ఇక్కడికి వచ్చింది. హిందీ ముక్క రాదు. పక్క క్వార్టర్ పంజాబీ ఆంటీ మధ్యాహ్నం ఎండలో మెట్ల మీద కూర్చుని రెండు సూదులతో ఊలు అల్లేది. అమ్మ తన క్రోషే సూది తీసుకుని పక్కన కూర్చుంది. అమ్మ నేర్చుకున్న మొదటి హిందీ మాట ‘ఫందా’. అంటే సూది మీద పడే ఉచ్చు.

ఆ చలికాలం ఇద్దరూ కలిసి ఒక జాలీ శాలువా మొదలుపెట్టారు. లేసు అల్లిక చూడ్డానికి గాలిలా ఉంటుంది కానీ లోపలంతా లెక్కే. సూదికి ఊలు ఒక చుట్టు అదనంగా చుడితే అక్కడ కన్నం పడుతుంది, ఒక ఉచ్చు పెరుగుతుంది. పక్కనే రెండు ఉచ్చుల్ని కలిపి ఒకటిగా అల్లితే లెక్క మళ్లీ సరిపోతుంది. ఒకచోట మరిచిపోయినా డిజైన్ పక్కకు జరుగుతుంది. అది రెండు వరసల తర్వాత గాని తెలియదు, అప్పుడు విప్పాలి. అందుకే ఆంటీ ప్రతి పదో వరసలో వేరే రంగు దారం దూర్చి ఉంచేది. ఎంత విప్పినా అక్కడికొచ్చి ఆగుతుందని. ఆంటీ పంజాబీలో లెక్కపెట్టేది, అమ్మ తెలుగులో సరిచూసేది. నడుమంతా ఆంటీ అల్లింది. చుట్టూ అంచుకి అమ్మ క్రోషే పూలు వేసింది.

పూర్తయ్యాక శాలువాని తడిపి, మంచం మీద పరిచి, అంచుల్ని గుండుసూదులతో లాగి ఆరబెట్టారు. అప్పటిదాకా ముద్దగా ఉన్న అల్లిక విచ్చుకుంది. అమ్మ అందట: “బెహన్‌జీ, నేను అల్లినది పూర్తిగా చూడటం ఇదే మొదటిసారి.” ఊళ్లో ఉన్నప్పుడు తను అల్లినవన్నీ విడి పూలే. పన్నెండేళ్లలో ఒక్క టేబుల్ క్లాత్ కూడా మొత్తంగా చూడలేదు. పువ్వుకి ఎంత ఇచ్చేవాళ్లని ఆంటీ అడిగింది. అమ్మ చెప్పింది. టేబుల్ క్లాత్ ఎంతకి అమ్మేవాళ్లని అడిగింది. అమ్మకి తెలియదు. ఆ ప్రశ్న అంతకు ముందు ఎవరూ అడగలేదు.

గోదావరికి లేసు ఎలా వచ్చింది

లేసు మన దగ్గర పుట్టిన కళ కాదు. 19వ శతాబ్దం మధ్యలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చింది. ఆ కాలాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 1832–33 నాటి డొక్కల కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కొత్తగా మతం మారిన పేద కుటుంబాల స్త్రీలకు జీవనోపాధిగా మిషనరీలు క్రోషే నేర్పారు. దారం ఇచ్చేవాళ్లు, అల్లిన లేసును తమ దేశాల్లో అమ్మేవాళ్లు.

సరిగ్గా ఇదే సమయంలో ఐర్లండ్‌లో ఏం జరిగిందో గమనించండి. 1845లో మొదలైన ఆలుగడ్డల కరువులో అక్కడ కాన్వెంట్లు, మత గురువుల కుటుంబాలు పేద స్త్రీలకు క్రోషే లేసు నేర్పించాయి. రెండు చోట్లా లెక్క ఒకటే: పెట్టుబడి తక్కువ, యంత్రం అక్కర్లేదు, ఇల్లు కదలక్కర్లేదు.

20వ శతాబ్దంలో మన దగ్గర ఈ వ్యాపారం మిషనరీల చేతి నుంచి స్థానిక ఎగుమతిదారుల చేతికి మారింది. 1970ల్లో ఎగుమతులు బాగా పెరిగాయి. అమ్మ సూది పట్టింది ఆ రోజుల్లోనే.

సూదిలోనే ఉంది కిటుకు

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి, ఎందుకంటే చరిత్ర దాని మీదే నడిచింది. రెండు సూదుల అల్లికలో వరస మొత్తం ఉచ్చులు ఒకేసారి సూది మీద ఉంటాయి. పనిని మధ్యలో ముక్కలు చేసి పంచడం కష్టం. క్రోషేలో మాత్రం ఒక్క ఉచ్చే తెరిచి ఉంటుంది. పువ్వు అయిపోయాక దారం తెంచి ముడి వేస్తే అది విడి వస్తువు. అంటే వంద పూలు వంద ఇళ్లలో తయారుకావచ్చు. వాటిని అతికేది ఇంకో ఇంట్లో.

అందుకే ఏజెంటు దారం తూచి ఇంటింటికీ ఇచ్చి, పూలు లెక్కపెట్టి తీసుకెళ్లే పద్ధతి ఇక్కడ చక్కగా కుదిరింది. పారిశ్రామిక విప్లవం పాఠంలో మీరు చదివే ‘పుటింగ్ అవుట్’ వ్యవస్థ ఇదే. యూరప్‌లో దాని స్థానంలో ఫ్యాక్టరీ వచ్చింది. నిజమైన క్రోషే యంత్రానికి లొంగదు కాబట్టి నర్సాపురంలో ఆ పద్ధతే మిగిలింది. పువ్వు అల్లిన మనిషికి టేబుల్ క్లాత్ కనిపించదు, ధర అసలే కనిపించదు.

లెక్కలోకి రాని పని

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర నర్సాపురం ప్రాంతంలో పరిశోధన చేసి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం ప్రచురించారు. నాకు సిగ్గు కలిగించిన పుస్తకం ఇదే. ఆమె వాదన క్లుప్తంగా: ఈ స్త్రీలు ప్రపంచ మార్కెట్ కోసం ఉత్పత్తి చేస్తున్నారు, కానీ వాళ్లను కార్మికులుగా కాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగా చూస్తున్నారు. ఆ ముద్ర ఉన్నందుకే కూలి అంత తక్కువగా ఉంచగలిగారు. దీనికి ఆమె పెట్టిన పేరును తెలుగులో ‘గృహిణీకరణ’ అనుకోవచ్చు.

ఇందులో పరువు పాత్ర కూడా ఉంది. పొలం కూలికి వెళ్లే స్త్రీలకు లేసు అల్లేవాళ్ల కంటే ఎక్కువ డబ్బు వచ్చేది. అయినా ఇంటి నీడన కూర్చుని చేసే పని గౌరవమని లేసు అల్లేవాళ్లు భావించారు. పని స్త్రీలది, అమ్మకం పురుషులది. ‘ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకుంటారు’ అనే మాట ఎంత ఖరీదైందో చూడండి. మా ఊళ్లో నాన్నలు పోసిన ఉక్కు టన్నుల్లో లెక్కకు వచ్చింది. అమ్మల చేతి పనికి కొలతే లేదు.

కలిసి కూర్చుంటే ఏమవుతుంది

స్కాట్లండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవులున్నాయి. పెళ్లి ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నని లేసు శాలువాలకు అవి ప్రసిద్ధి. అవి అల్లిన స్త్రీలకు వ్యాపారులు డబ్బుకు బదులు టీ పొడి, బట్టలు అంటగట్టేవారు. దీన్ని ట్రక్ పద్ధతి అంటారు. 1872లో బ్రిటిష్ ప్రభుత్వ కమిషన్ దీనిపై విచారణ జరిపి, అల్లే స్త్రీల సాక్ష్యాలను కూడా నమోదు చేసింది. ఎవరికి ఏమి ముట్టిందో అప్పుడు కాగితం మీదికి ఎక్కింది.

మన దేశంలో ఈ పాఠాన్ని సంస్థగా మార్చింది 1972లో ఇలా భట్ అహ్మదాబాద్‌లో స్థాపించిన ‘సేవా’. విడివిడి ఇళ్లలో పనిచేసే స్త్రీలను యూనియన్‌గా కూర్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి నుంచి చేసే పనిపై 177వ ఒడంబడికను ఆమోదించింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో ‘ఇంటి ఆధారిత కార్మికుల’ నిర్వచనం ఉంది. 2024లో నర్సాపురం క్రోషే లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. అయితే జీఐ కాపాడేది వస్తువు పేరును. పువ్వుకి ఎంత ఇవ్వాలో అది చెప్పదు.

మెట్ల మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లని యూనియన్ అనలేం. అది స్నేహం. కానీ విడి ఇళ్లలో దారం అందుకున్నన్నాళ్లూ ఎదురుకాని ప్రశ్న, ఒకే శాలువా ఇద్దరి ఒళ్లో ఉన్నప్పుడు ఎదురైంది. ధర అడగడం అక్కడ మొదలైంది. తర్వాతి ఏడాది రెండో శాలువా అల్లారు. ఒకటి జలంధర్‌లో ఉంది, ఒకటి మా బీరువాలో.

జవాబులో ఎలా వాడాలి

అసంఘటిత రంగం, స్త్రీల శ్రమ భాగస్వామ్యం, హస్తకళలు, జీఐ వంటి ప్రశ్నల్లో నర్సాపురం మంచి ఉదాహరణ. మూడు మెట్లుగా రాయండి: కరువు–మిషనరీ–ఉపాధి, ముక్కలైన పని–కనిపించని ధర, గుర్తింపు–సంఘటితం. 2024 టైమ్ యూజ్ సర్వేను జోడించవచ్చు: ఇంటి పనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు జీతం లేకుండా వెచ్చిస్తున్నారు.

సాధన ప్రశ్న: “ఇంటి నుంచి చేసే పని స్త్రీలకు ఉపాధినిచ్చింది, కార్మికురాలనే పేరును మాత్రం ఇవ్వలేదు.” నర్సాపురం లేసు ఆధారంగా చర్చించండి. (250 పదాలు)

ఇక నా ఫారం సంగతి. ఆ గడిలో ‘లేసు కార్మికురాలు, 1974–86, గృహిణి’ అని రాశాను. చోటు చాల్లేదు. అమ్మ చూసి, “అక్షరాలు చిన్నవి చెయ్యి, పడతాయి” అంది. పట్టాయి.