ఇంటి కంప్యూటర్‌కు ఏ ప్రాసెసర్? – యాభై ఏళ్ళ ఎంపికల చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలను నాకంటే బాగా రాయగలవాళ్ళు మన బ్యాచ్‌లోనే పదిమంది ఉన్నారని చెప్పాను. ముప్ఫై ఏళ్ళుగా నేను కంప్యూటర్ హార్డ్‌వేర్ పనిలో ఉన్నాను కాబట్టి, నాకు తెలిసిన విషయమే రాస్తానన్నాను. పిల్లలు ఇంజనీరింగ్‌లోనో డిగ్రీలోనో చేరే రోజుల్లో మన పాత మిత్రులు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంట్లోకి కంప్యూటర్ కొంటున్నాం, ఏ ప్రాసెసర్ తీసుకోమంటావు?" దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. ఈ ప్రశ్నను మనకంటే ముందు ఎవరెవరు ఎదుర్కొన్నారో, ఏం ఆలోచించి ఎంచుకున్నారో తెలిస్తే మన ఎంపిక సులువవుతుంది.

మన బడి 1975లో మొదలైంది. ఇంటి కంప్యూటర్ చరిత్ర కూడా ఆ ఏడాదే మొదలైందంటే పెద్ద అతిశయోక్తి కాదు. కనుక ఇది మన బడి ఈడు కథే.

పాతిక డాలర్ల చిప్

ప్రాసెసర్ అంటే ఆదేశాలను ఒక్కొక్కటిగా చదివి, లెక్క చేసి, ఫలితాన్ని మెమరీకి పంపే చిప్. ప్రాసెసర్ మొత్తాన్నీ ఒకే చిప్ మీదికి తెచ్చి మార్కెట్లో అమ్మిన మొదటి వాటిలో ప్రసిద్ధమైనది 1971 నవంబరులో వచ్చిన ఇంటెల్ 4004. జపాన్‌కు చెందిన బిజికామ్ సంస్థ తన కాలిక్యులేటర్ కోసం చేయించుకున్న చిప్ అది. అందులో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. 1974 నాటికి ఇంటెల్ 8080, మోటరోలా 6800 వచ్చాయి. వాటితో చిన్న కంప్యూటర్ కట్టవచ్చు గానీ, 8080 ఒక్కటి విడిగా కొంటే 360 డాలర్లు.

1975 జనవరి పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 వచ్చింది. కిట్ ధర 400 డాలర్ల లోపే. అంత తక్కువకు ఎలా ఇవ్వగలిగారు? దాని రూపకర్త ఎడ్ రాబర్ట్స్ 8080 చిప్‌లను పెద్దసంఖ్యలో కొంటానని బేరమాడి, ఒక్కొక్కటి 75 డాలర్లకు తెచ్చుకున్నాడు. ఆ కంప్యూటర్‌కు కీబోర్డు లేదు, తెర లేదు. ముందువైపు స్విచ్‌లు, దీపాలు మాత్రమే. అయినా వేలమంది డబ్బు కట్టి వరుసలో నిలబడ్డారు.

అదే సమయంలో మోటరోలాలో చక్ పెడల్ అనే ఇంజనీరు 6800 గురించి వివరిస్తూ కంపెనీల చుట్టూ తిరుగుతున్నాడు. చిప్ అందరికీ నచ్చేది, ధర వినగానే వెనక్కి తగ్గేవారు. చౌక చిప్ చేద్దామని అతడు పైవాళ్ళకు చెబితే వాళ్ళు ఒప్పుకోలేదు. 1974లో కొందరు సహచరులతో కలిసి మాస్ టెక్నాలజీ అనే చిన్న సంస్థకు వెళ్ళిపోయాడు. అక్కడ తప్పనిసరి కానివన్నీ తీసేసి చిప్‌ను చిన్నది చేశారు. పైగా అచ్చు వేసే ఫలకంలో లోపాలను దిద్దుకునే పద్ధతి ఆ సంస్థకు తెలుసు. అందువల్ల ఒక్కో సిలికాన్ పలక నుంచి పనికొచ్చే చిప్‌లు ఎక్కువగా దక్కేవి. అలా పుట్టిన 6502ను 1975 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన వెస్కాన్ ప్రదర్శన సమయంలో 25 డాలర్లకు అమ్మారు. ప్రదర్శనశాలలో అమ్మకాలు నిషేధం కాబట్టి హోటల్ గదిలో గాజు సీసాల నిండా చిప్‌లు పోసి, మన కిరాణా కొట్టులో బిళ్ళలు అమ్మినట్టు అమ్మారు.

వాటిని కొన్నవాళ్ళలో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పనిచేసే స్టీవ్ వోజ్నియాక్ ఒకడు. అతడు అప్పటికే మోటరోలా 6800 కోసం కాగితం మీద ఒక కంప్యూటర్ గీసుకుని ఉన్నాడు. 6502 దానికి చాలా దగ్గరి చుట్టం కావడంతో గీసినది కొద్దిగా మారిస్తే సరిపోయింది. 1976లో ఆపిల్-1, 1977లో ఆపిల్-2 ఆ చిప్ మీదే వచ్చాయి. అప్పటి చిప్‌లలో ఏది గొప్పదని అతడు లెక్కవేసుకోలేదు. జీతగాడు జేబులోంచి కొనగలిగేది ఏదో చూసుకున్నాడు.

చుట్టూ ఉన్నవాటి ఖర్చు

ఇంటెల్ 4004, 8080ల రూపకల్పనలో ముఖ్యుడైన ఫెడెరికో ఫాజిన్ బయటికి వచ్చి జైలాగ్ సంస్థను పెట్టి, 1976లో జడ్80 చిప్ తెచ్చాడు. 8080 కోసం రాసిన ప్రోగ్రాములు దీని మీద అలాగే నడిచేవి. ఇంకో మేలు కూడా ఉంది. ఆ రోజుల్లో చౌకగా దొరికే డైనమిక్ మెమరీలో రాసినది క్షణాల్లో చెరిగిపోతుంది, మాటిమాటికీ తిరగరాస్తూ ఉండాలి. దానికి కావలసిన ఏర్పాటులో కొంత భాగాన్ని జడ్80 తన లోపలే పెట్టుకుంది. 8080కి మూడు రకాల వోల్టేజీలు కావాలి, దీనికి 5 వోల్టులు ఒక్కటే చాలు. అంటే బోర్డు మీద చిప్‌లు తగ్గాయి, పవర్ సప్లై ఖర్చు తగ్గింది. తెరతో సహా 599.95 డాలర్లకు 1977లో వచ్చిన టీఆర్ఎస్-80, బ్రిటన్‌లో 1982లో 125 పౌండ్లకు మొదలైన సింక్లెయిర్ స్పెక్ట్రమ్ – రెండూ జడ్80 మీద నడిచినవే.

ప్రాసెసర్ ధర వేరు, ఆ ప్రాసెసర్ వల్ల కంప్యూటర్ మొత్తానికి అయ్యే ధర వేరు. ఈ తేడా పట్టుకున్నవాళ్ళే ఆ దశాబ్దంలో నిలబడ్డారు.

ఐబీఎం ఎంచుకున్న సగం దారి

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. ప్రాసెసర్ ఇంటెల్ 8088. అప్పటికి మోటరోలా 68000 మార్కెట్లో ఉంది. దాని రూపకల్పన పొందికైనదని ఇంజనీర్లలో మంచి పేరు. ఐబీఎం దాన్ని ఎందుకు కాదనుకుంది?

8088 లోపల 16 బిట్ల పనివాడు, బయటికి మాత్రం 8 బిట్ల దారిలోనే రాకపోకలు సాగిస్తాడు. ఇది వేగానికి లోటే. కానీ 8 బిట్ల దారికి సరిపోయే తోడు చిప్‌లు అప్పటికే చౌకగా, కావలసినన్ని దొరుకుతున్నాయి. 68000కు 16 బిట్ల దారి, దానికి తగ్గ ఖరీదైన సరంజామా కావాలి. అంతకుముందు డేటామాస్టర్ అనే యంత్రాన్ని ఇంటెల్ 8085తో కట్టిన అనుభవం ఐబీఎం వాళ్ళకు ఉంది. ఏడాదిలో యంత్రం పూర్తికావాలన్న తొందర కూడా ఉంది. చివరికి 4.77 మెగాహెర్ట్జ్ అన్న వింత వేగం కూడా పొదుపు కోసమే. అమెరికా రంగుల టీవీ సంకేతానికి పనికొచ్చే ఒకే క్రిస్టల్ నుంచి ప్రాసెసర్ వేగాన్ని కూడా రాబట్టారు.

1982లో ఇంటెల్‌తో కుదిరిన ఒప్పందంతో ఏఎండీ కూడా అవే చిప్‌లు తయారు చేయసాగింది. ఒకే సరఫరాదారు మీద ఆధారపడటం పెద్ద కొనుగోలుదారులకు ఇష్టముండదు. నేడు దుకాణంలో "ఇంటెలా, ఏఎండీనా?" అని మనం తర్జనభర్జన పడుతున్నామంటే దాని మూలాలు అక్కడే ఉన్నాయి. ఏడాదిలో తెమలాలన్న తొందరలో తీసుకున్న ఆ నిర్ణయం నలభై ఏళ్ళకు పైగా మన బల్లల మీద సాగుతోంది.

ఏదీ నచ్చక సొంతంగా చేసుకున్నవాళ్ళు

బీబీసీ కంప్యూటర్ అక్షరాస్యతా కార్యక్రమం కోసం ఇంగ్లండులోని ఏకార్న్ సంస్థ 1981 చివర్లో బీబీసీ మైక్రోను తెచ్చింది. అందులోనూ 6502 ప్రాసెసరే. ఈ యంత్రం మన దేశానికీ వచ్చింది. 1984-85లో భారత ప్రభుత్వం మొదలుపెట్టిన 'క్లాస్' పథకం కింద సుమారు 250 పాఠశాలలకు బీబీసీ మైక్రోలు చేరాయి. మన దేశంలో ఎందరో పిల్లలు మొదటిసారి తాకిన కంప్యూటర్ అదే.

తరవాతి యంత్రానికి ప్రాసెసర్ వెతుకుతూ ఏకార్న్ ఇంజనీర్లు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ మార్కెట్లోని 16 బిట్ల చిప్‌లను పరీక్షించారు. ఎక్కువ ధర పెట్టి కొన్న మెమరీ వేగాన్ని అవి పూర్తిగా వాడుకోలేకపోతున్నాయని తేలింది. అమెరికాలో ఫీనిక్స్ నగరం దగ్గర 6502 వారసుడిని తయారుచేస్తున్న సంస్థను చూడటానికి వెళితే, అక్కడ కొద్దిమందే చిన్న చోట ఆ పని చేస్తున్నారు. వాళ్ళు చేయగలిగినప్పుడు మనమెందుకు చేయలేమన్న ధైర్యంతో తిరిగొచ్చారు. 1985 ఏప్రిల్‌లో మొదటి ఆర్మ్ చిప్ చేతికొచ్చింది. ట్రాన్సిస్టర్లు 25,000కు లోపే.

చౌకైన ప్లాస్టిక్ తొడుగులో ఇమడాలంటే చిప్ వేడెక్కకూడదు. అందుకని విద్యుత్తు తక్కువ వాడేలా రూపొందించారు. ఫర్బర్ మొదటి చిప్ వాడే విద్యుత్తును కొలిస్తే మీటరు సున్నా చూపించింది. చూడగా, బోర్డు మీద చిప్‌కు కరెంటు తీగే కలవలేదు. మిగతా పిన్నుల గుండా వచ్చే కొద్దిపాటి విద్యుత్తుతోనే అది పనిచేస్తోంది! తొడుగు ఖర్చు కోసం చేసిన ఆ పొదుపే తరవాత సెల్‌ఫోన్లకు ప్రాణమైంది. ఇవాళ మన జేబుల్లోని ఫోన్లలోనూ, 2020 నుంచి ఆపిల్ కంప్యూటర్లలోని ఎం వరస చిప్‌లలోనూ ఉన్నది ఆ కుటుంబమే.

మెగాహెర్ట్జ్‌ల పరుగు

1990ల్లో ఎంపిక మన చేతుల్లోకి వచ్చింది. సికిందరాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మెట్లెక్కి, మదర్‌బోర్డు ఒక దుకాణంలో, ర్యామ్ మరో దుకాణంలో కొని, అసెంబుల్ చేయించుకున్నవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. కేబినెట్ మీద టర్బో బటన్ ఉన్న రోజులవి.

ఆ పదేళ్ళు కొనేవాళ్ళకు చాలా నేర్పాయి. 1991లో వచ్చిన 486 ఎస్ఎక్స్ తొలి చిప్‌లలో దశాంశాల లెక్కలు చేసే భాగం లోపల ఉన్నా పనిచేయకుండా చేసి చౌకగా అమ్మారు. అది కావాలనుకుంటే 487 అనే చిప్ విడిగా కొనాలి. నిజానికి ఆ 487 పూర్తిస్థాయి 486 డీఎక్స్ వంటిదే. పెట్టగానే పాత చిప్‌ను పక్కకు తోసి పనంతా తానే చేసేది. 1993లో పెంటియం వచ్చింది. దాని రూపకల్పనలో ముఖ్యపాత్ర మన దేశానికి చెందిన వినోద్ ధామ్‌ది. 1994లో ఆ చిప్ కొన్ని భాగహారాల్లో తప్పు జవాబు ఇస్తోందని థామస్ నైస్లీ అనే గణితాచార్యుడు బయటపెట్టాడు. చివరికి ఇంటెల్ చిప్‌లను మార్చి ఇవ్వాల్సివచ్చింది. దానికి కేటాయించిన మొత్తం 47.5 కోట్ల డాలర్లు. 1998లో వచ్చిన మొదటి సెలెరాన్‌లో క్యాష్ మెమరీని కోసేయడంతో మెగాహెర్ట్జ్ అంకె ఘనంగా ఉన్నా పని మందకొడిగా సాగేది.

2000లో 1 గిగాహెర్ట్జ్ గీత దాటాం. 2004లో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను ఇంటెల్ వేడి సమస్యలతో విరమించుకుంది. అక్కడితో అంకెల పరుగు నెమ్మదించింది, ఒకే చిప్‌లో రెండు, నాలుగు కోర్లు పెట్టే దారి మొదలైంది.

మరి మనం ఏం కొనాలి?

మన సైన్సు మాస్టారు ప్రయోగశాలలో "ముందు ఏం కొలవాలో రాయండి, తరవాతే పరికరం తీయండి" అనేవారు. పై కథలోని పెద్దలు చేసింది అదే. మనమూ అదే వరసలో వెళదాం.

మొదట పని. ఉత్తరాలు, పాఠాలు, ఆన్‌లైన్ తరగతులు, సాధారణ ప్రోగ్రామింగ్ – వీటికి ఐ3 లేదా రైజెన్ 3 స్థాయి కొత్త చిప్ చాలు. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ నెట్టుకురావాలంటే ఐ5 లేదా రైజెన్ 5 స్థాయి సరిపోతుంది. వీడియో కూర్పు, త్రీడీ బొమ్మల పని వృత్తిగా చేసేవాళ్ళే అంతకు పైకి చూడాలి.

రెండోది సాఫ్ట్‌వేర్. కాలేజీలో వాడేది ఏమిటో ముందే కనుక్కోండి. ఉదాహరణకు మెకానికల్ విద్యార్థులు వాడే సాలిడ్‌వర్క్స్ విండోస్ మీదే నడుస్తుంది. ఆపిల్ చిప్ ఎంత చల్లగా, వేగంగా ఉన్నా వాళ్ళకు అక్కరకు రాదు.

మూడోది తోడు. జోడెడ్లలో ఒకటి బలమైనది, రెండోది బక్కదైతే బండి బక్కదాని వేగంతోనే నడుస్తుంది. ఐ7 పెట్టి 8 జీబీ ర్యామ్‌తో సరిపెట్టుకోవడం కంటే, ఐ5 పెట్టి 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ తీసుకోవడం మేలు. ల్యాప్‌టాప్ అయితే ర్యామ్ తరవాత పెంచుకోవచ్చో లేదో అడగండి.

నాలుగోది వయసు. పేరులో ఐ7 ఉందని పాత తరం చిప్ కొనకండి. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరుతో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో దాదాపుగా ఇంటెల్ 8వ తరం నుంచే చోటుంది. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు ముందు చూడాల్సింది ఇదే.

మన బడికి స్వర్ణోత్సవ నిధితో కంప్యూటర్ గది కట్టించాలన్న ప్రతిపాదన సంఘం ముందుంది. అక్కడా ఇదే లెక్క వర్తిస్తుందని నా మనవి. పైస్థాయి ప్రాసెసర్లతో పది యంత్రాలు కొని ముగ్గురేసి పిల్లల్ని ఒక్కోదాని ముందు కూర్చోబెట్టడం కంటే, మధ్యస్థాయి ప్రాసెసర్లతో ఎక్కువ యంత్రాలు కొనడం మంచిది. అందులోనే యూపీఎస్‌కు, ఏటా మరమ్మతులకు, ఉపాధ్యాయుల శిక్షణకు డబ్బు పక్కన పెట్టాలి. యంత్రం గదిలోకి రావడం ఒక్క రోజు పని. దాంతో పాఠం చెప్పడం ఏడాది పొడవునా సాగాల్సిన పని. ఏయే తరగతికి ఏయే అవసరాలో మన ఉపాధ్యాయులు ఒక కాగితం మీద రాసిస్తే, దానికి తగిన యంత్రాల జాబితా తయారుచేసి సంఘానికి ఇచ్చే బాధ్యత సంతోషంగా నేను తీసుకుంటాను.