ఇరవై ఒకటి నిండకముందే: మన పిల్లలకు ఉచిత వకీలు

పోయిన ఏడాది స్కాలర్‌షిప్ అర్జీ రాయించుకోవడానికి ఒక అమ్మాయి మా సంఘం ఆఫీసుకు వచ్చింది. వయసు ఇరవై ఏళ్ళ ఏడు నెలలు. సొంతూరు హిందూపురం వైపు. ఇక్కడ పీణ్యలో గార్మెంట్స్ పని చేస్తూ సాయంత్రం కాలేజీలో చదువుకుంటోంది. పన్నెండేళ్ళప్పుడే తండ్రి పోయాడు. ఆయన సొంతంగా కొన్న రెండెకరాల పొలం ఉండేది. చిన్నాన్న మాట విని తల్లి, పిల్ల తరఫున కూడా తానే సంతకం పెట్టి, పొలం అమ్మేసింది. "పెద్దవాళ్ళు చేసినదాన్ని నేనేం అడుగుతాను అంకుల్" అంది. అర్జీ పక్కన పెట్టి నెలలు లెక్కేశాను. ఐదు మిగిలాయి.

ఎందుకు ఐదు? 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, మైనర్ పేర వచ్చిన స్థిరాస్తిని కన్నతల్లి అయినా, తండ్రి అయినా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. అలా అమ్మితే, ఆ బిడ్డకు 18 నిండిన తర్వాత 3 ఏళ్ళలోపు ఆ అమ్మకం చెల్లదని అడిగే హక్కు ఉంటుంది. దావా వేసుకోవడమే భద్రమైన దారి. తల్లి తన వాటా అమ్ముకుంటే అది వేరే సంగతి; బిడ్డ వాటా గురించే ఈ మాట. తాత తండ్రుల నుంచి పంచుకోకుండా వచ్చిన ఉమ్మడి ఆస్తికి లెక్క మారుతుంది. అది వకీలే కాగితాలు చూసి చెప్పాలి.

వకీలుకు డబ్బెక్కడిది అంటారు. ఇక్కడే మన ఇళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఉంది. 1987 న్యాయ సేవల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకు, 18 లోపు పిల్లలకు ఆదాయం చూడకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఎస్సీ, ఎస్టీ వారికి, వికలాంగులకు, ఫ్యాక్టరీ కార్మికులకు, బాలల హోముల్లో ఉన్నవారికి కూడా అంతే. మిగతా కుర్రవాళ్ళకు మాత్రం రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి వర్తిస్తుంది. వకీలు ఫీజే కాదు, కోర్టు ఫీజు, నకళ్ళ ఖర్చు, కాగితాల అనువాదం కూడా ఇందులోకే వస్తాయి. తెలుగులో ఉన్న క్రయపత్రం పట్టుకుని తిరిగే మనకు ఆ చివరిది చిన్న మేలు కాదు.

బెంగళూరులో రాష్ట్ర న్యాయ సేవల సంస్థ ఆఫీసు హెచ్. సిద్దయ్య రోడ్డులో, న్యాయదేగుల భవనంలో ఉంది. బోర్డు మీద కన్నడలో 'కానూను సేవెగళ ప్రాధికార' అని వెతకండి. ఫోనైతే 15100. పద్దెనిమిది లోపు పిల్లలు ఆపదలో ఉంటే 1098. అర్జీకి ప్రత్యేకమైన భాష ఏమీ అక్కర్లేదు; రాయలేనివారు నోటితో చెబితే అక్కడివారే రాసుకుంటారు. ఏడు రోజుల్లో అవుననో కాదనో చెప్పాలి. కేటాయించిన వకీలు ఖర్చుల పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకండి, ఆ సంస్థకే ఫిర్యాదు రాయండి. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాగా ఒక మాట: ఇచ్చిన ప్రతి కాగితానికీ మరో కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి.

పొలం ఆంధ్రలో ఉంటే దావా కూడా అక్కడి కోర్టులోనే వేయాలి. అందుకని అక్కడి జిల్లా సంస్థనో, మండల న్యాయ సేవల కమిటీనో పట్టుకోవాలి. వెళ్ళేముందు తండ్రి మరణ ధ్రువపత్రం, అమ్మాయి జనన పత్రం లేదా టెన్త్ సర్టిఫికెట్, రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి క్రయపత్రం నకలు, ఈసీ, పాత అడంగల్ దగ్గర పెట్టుకోవాలి. ఆ అమ్మాయికి నకలు తెచ్చుకోవడానికే మూడు వారాలు పట్టింది. మధ్యలో చిన్నాన్న ఫోన్లు, తల్లి ఏడుపు.

ఇలాంటప్పుడు లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోమని పెద్దలు తొందరపెడతారు. రాజీ మంచిదే, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. కానీ అక్కడి తీర్పు మీద అప్పీలు లేదు. చదవకుండా, తనవైపు వకీలు పక్కన లేకుండా పిల్లలు సంతకం పెట్టకూడదు.

పెళ్ళి సంగతి కూడా చెప్పాలి. కర్ణాటక చేసిన సవరణ ప్రకారం ఈ రాష్ట్రంలో బాల్యవివాహం మొదటినుంచీ చెల్లదు. ఊళ్ళో మాట ఇచ్చాం అని పదహారేళ్ళ పిల్లను సెలవుల్లో తీసుకెళ్ళే ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి. ఆ పిల్లకు కూడా ఈ ఉచిత వకీలు ఉంటాడు.

ఈ సంస్థ శిక్షణ ఇచ్చే పారాలీగల్ వాలంటీర్లలో రిటైరైన ఉద్యోగులకు, టీచర్లకు కూడా చోటుంది. మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు చేరితే తెలుగులో చెప్పేవాళ్ళు దొరుకుతారు. నవంబరు 9న న్యాయ సేవల దినం. ఆ వారంలో మన హాలులో పిల్లలకు ఒక శిబిరం పెట్టమని అడుగుతూ అర్జీ తయారుచేశాను. సంతకాలు పెట్టదలచినవారు ఆదివారం ఉదయం ఆఫీసుకు రండి.

ఆ అమ్మాయి దావా గడువుకు పదకొండు రోజుల ముందు దాఖలైంది. ఇప్పటికి రెండు వాయిదాలు పడ్డాయి. రెండోదానికి తల్లి కూడా కూతురు వెంట వచ్చింది.