పేరులేని వానలు, ఎడగారు వడ్లు

నెల్లూరు సముద్రతీరంలో రైతును ముంచేది పెద్ద తుపానేనని బయటివాళ్లు అనుకుంటారు. మా విడవలూరు వైపు కయ్యల్లో వడ్లను ఎక్కువగా తిన్నవి మాత్రం పేరు కూడా పెట్టించుకోని వాయుగుండాలు. తుపాను వార్తల్లోకి ఎక్కుతుంది. వాయుగుండం రెండు రోజులు ముసురు పట్టించి, కంకి మీద మొలకలు తెప్పించి వెళ్లిపోతుంది.

మా పెద్దల పంట లెక్క వానను చూసి కట్టిందే. ఈ జిల్లాకు ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనంతో వస్తుంది. అందుకే గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లు కోతలకు సిద్ధమయ్యే రోజుల్లో మేము నారు పోస్తాం. స్వాతి, విశాఖ కార్తెల్లో నారుమళ్లు, ఆ తర్వాత నాట్లు, సంక్రాంతి దాటాక పొట్ట, ఫిబ్రవరి, మార్చిలో ఎండ కాసే రోజుల్లో కోత. మొలగొలుకుల బియ్యానికి పేరొచ్చిన కాలంలో నెల్లూరు పంట అంటే ఇదే. వాన కావలసినప్పుడు వాన, ఎండ కావలసినప్పుడు ఎండ.

ఆ లెక్క ఎంత గట్టిదో పెద్ద తుపాన్లే చెబుతాయి. 1984 నవంబరు 14న శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను వందల ప్రాణాలు తీసింది. 1989లో వచ్చింది మరీ దూరం నుంచి వచ్చింది. థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, సీక్రెస్ట్ అనే చమురు తవ్వకం ఓడను తలకిందులు చేసి అందులోని 91 మందిని పొట్టన పెట్టుకుంది. నవంబరు 4న ఆ దేశంలోని చుంఫోన్‌ను నేలమట్టం చేసి, బంగాళాఖాతంలోకి దిగి బలం పుంజుకుంది. 8వ తేదీ రాత్రి కావలి దగ్గర తీరాన్ని తాకింది. పసిఫిక్ వైపు పుట్టింది కాబట్టి దానికి ‘గే’ అన్న పేరుంది. మన సముద్రంలో తుపాన్లకు పేర్లు పెట్టడం 2004లో గానీ మొదలుకాలేదు. మాకు మాత్రం అది కావలి తుపానే. సరుగుడు తోటలు, కొబ్బరి చెట్లు, పూరిళ్లు, కరెంటు స్తంభాలు, గొడ్లూ గోదా అన్నీ పోయాయి. కానీ కయ్యల్లో ఉన్నది నారు, లేత నాటు. చేతిలో విత్తనం ఉన్నవాడు మళ్లీ పోసుకున్నాడు, మార్చిలో కోసుకున్నాడు. ఇల్లు పోయింది, పంట ఏడాది పోలేదు. 2021 నవంబరులో పెన్న వరద కోవూరు దగ్గర జాతీయ రహదారిని, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలను కోసేసినప్పుడు కూడా అంతే. ఇసుక మేట పడిన పొలాల సంగతి వేరు, వాళ్ల దెబ్బ ఏళ్లకు గానీ తీరదు. మిగతావాళ్లు మళ్లీ నాటుకున్నారు.

మరి వడ్లు ఎక్కడ పోతున్నాయి? ఎడగారులో.

ఎడగారు వేసవిలో మొదలయ్యే రెండో పంట. 1855లో నెల్లూరు ఆనకట్ట, 1886లో సంగం ఆనకట్ట కట్టినా, పెన్నలో నీళ్లుంటేనే కాలువలో నీళ్లు. ఎగువన 78 టీఎంసీల సోమశిల వచ్చాక కథ మారింది. జలాశయం నిండిన ఏడు డెల్టా అంతా రెండో పంటకు దిగుతుంది. అందులో తప్పు లేదు, ఆ పంటే చాలా ఇళ్లల్లో అప్పు తీర్చింది. చిక్కు తేదీల్లో ఉంది. ఏప్రిల్‌లో నీళ్లు వదిలితే ఆగస్టు చివరికి, సెప్టెంబరు మొదట్లో కోతలు అయిపోతాయి. సాగునీటి సలహా మండలి సమావేశం ఆలస్యమై, ఏ కాలువకు ఎంతన్నది తేలక, చివరి ఆయకట్టుకు నీళ్లు జూన్‌లో చేరితే కోత అక్టోబరుకు జారుతుంది. ఈశాన్య రుతుపవనం మామూలుగా మొదలయ్యేది అక్టోబరు 20 ప్రాంతంలో. కాలువ చివర ఉన్న మా ఊళ్లకు నీళ్లు ఆఖరున వస్తాయి, వాన మాత్రం ముందే వస్తుంది.

2024 అక్టోబరు 17న చెన్నైకి ఉత్తరాన తీరం దాటినది వాయుగుండమే, తుపాను కూడా కాలేదు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటింది ఎక్కడో నరసాపురం దగ్గర, వాన మాత్రం మా దాకా వచ్చింది. అలాంటి ముసురుకు పండిన వరి పడిపోతే, నీళ్లలో నానిన కంకి మూడు నాలుగు రోజుల్లో మొలకెత్తుతుంది. లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద చల్లమని వ్యవసాయ అధికారులు చెబుతారు. ఉప్పునీరు పొలంలోకి రాకుండా తరతరాలుగా గట్లు వేసుకున్న ఇసకపల్లి వైపు రైతు, తనే ఉప్పు కొని పైరు మీద చల్లుకోవడం!

కోత పద్ధతి కూడా మారింది. వెనక చేత్తో కోసి, పనలు ఆరేసి, కట్టలు కట్టి కుప్ప వేసేవాళ్లు. కుప్ప వేయడం తెలిసిన మనిషికి ఊళ్లో మర్యాద ఉండేది. కంకులు లోపలికి, మొదళ్లు బయటికి పెట్టి పైన వాలుగా కప్పిన కుప్పలో వాన దిగదు, నూర్పిడి ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఇప్పుడు మిషను గంటలో ఎకరా కోసి పచ్చి వడ్లను ట్రాక్టరులో పోస్తుంది. నేల తడిస్తే టైర్ల మిషను దిగబడుతుంది, చైన్ మిషను పిలవాలి, దాని బాడుగ ఎక్కువ. వడ్లు ఆరబెట్టడానికి కళ్లాలు లేవు, రోడ్డే కళ్లం.

ప్రభుత్వం కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు. మా లెక్క పుట్టి, అంటే 850 కిలోలు. 2025-26లో ఏ గ్రేడు వడ్లకు క్వింటాలు మద్దతు ధర రూ.2,389, పుట్టికి రూ.20,300 పైమాట. ముసురు పట్టిన అక్టోబరులో ఆ 17 శాతం ఎక్కడ దొరుకుతుంది? అప్పుడు ధర చెప్పేది కయ్య గట్టున నిలబడ్డ దళారి. తరుగు పేరుతో పుట్టిని పెంచేదీ అతనే.

నీళ్లు త్వరగా దిగిపోయినా సగం పంట దక్కుతుంది. దిగవు. మలిదేవి, పైడేరు కాలువలు ఈ పొలాల మురుగంతా సముద్రానికి చేర్చాలి. వాటిలో గుర్రపుడెక్క, తూటికాడ, పూడిక. 1990ల నుంచి రొయ్యల గుంటల కట్టలు మురుగు దారుల పక్కకి, కొన్నిచోట్ల దారిలోకే వచ్చాయి. పైగా సముద్రం పోటు మీద ఉంటే మొగ దగ్గర నీళ్లు వెనక్కి తంతాయి. రొయ్యల రైతును తిట్టి లాభం లేదు, ఆ గుంటల్లో సగం వరి మీద విసిగినవాళ్లవే.

నష్టం రాసేటప్పుడు ఇంకో లెక్క. 33 శాతం, అంతకు మించి పోతేనే సాయం. మిషను వచ్చే ముందు మొలకెత్తిన చేను లెక్కలోకి వస్తుంది, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు తడిస్తే వాటిని చేర్చుకోవడం కష్టం. ఈ డెల్టాలో కయ్య చేసేవాళ్లలో కౌలుదార్లు చాలామంది. ఈ-పంట నమోదులో కౌలుదారు పేరు లేకపోతే డబ్బు పాస్‌బుక్కు ఉన్న చేతికి పోతుంది.

తుపానును ఎవరూ ఆపలేరు. తేదీలు మార్చవచ్చు. ఎడగారు ఇవ్వాలనుకున్న ఏడు సలహా మండలి మార్చిలోనే కూర్చుని, ఏప్రిల్‌లో నీళ్లు వదిలి, చివరి ఆయకట్టుకు ముందు వంతు ఇవ్వాలి. ఆలస్యమైతే ఆ ఏడు తక్కువ రోజుల రకాలు తప్ప వేయొద్దని గట్టిగా చెప్పాలి. మలిదేవి, పైడేరు పూడిక నీళ్లు తక్కువగా ఉండే మే నెలలో తీయాలి, అక్టోబరులో టెండర్లు పిలిచి కాదు. కౌలు రైతులారా, మీరూ నాటు వేసిన వారంలోనే ఈ-పంటలో మీ పేరు ఉందో లేదో చూసుకోండి.