సూపర్‌కంప్యూటర్లలో దోష సహనం: చరిత్ర

వేలాది ప్రాసెసర్లు కలిసి పనిచేసే యంత్రంలో ఏదో ఒక భాగం చెడిపోయినా పని ఆగకుండా, లెక్క తప్పకుండా చూసే ఏర్పాట్లను దోష సహనం అంటారు. చెడిపోని భాగాలు తయారుచేసుకుంటే ఈ బెడదే ఉండదు కదా అనిపించవచ్చు. లెక్క వేస్తే ఆ ఆశ నిలవదు. అయిదేళ్లకు ఒక్కసారి మాత్రమే మొరాయించే నోడ్లు (సూపర్‌కంప్యూటర్‌లో కలిసి పనిచేసే విడి కంప్యూటర్లు) పదివేలు ఒకచోట చేరిస్తే, సగటున నాలుగున్నర గంటలకొకటి ఆగిపోతుంది. ఈ చిక్కు కంప్యూటర్లతోనే పుట్టింది. 1945లో ఫిలడెల్ఫియాలో తయారైన ఎనియాక్‌లో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులుండేవి. స్విచ్ వేసినప్పుడూ తీసినప్పుడూ ఎక్కువగా పోతున్నాయని యంత్రాన్ని ఆపకుండా ఉంచేవారు. 1950లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన రిచర్డ్ హామింగ్ తప్పుల్ని తామే సరిదిద్దుకునే సంకేతాలను ప్రకటించారు. నమ్మదగని భాగాలతో నమ్మదగిన యంత్రాన్ని కట్టవచ్చని 1952 ఉపన్యాసాల్లో జాన్ ఫాన్ నాయ్‌మన్ వాదించారు. తర్వాతి చరిత్రంతా ఆయన వాదాన్నే బలపరిచింది.

అందుకు గట్టి సాక్ష్యం మొదటి క్రే-1 సూపర్‌కంప్యూటర్. 1976లో లాస్ అలామోస్‌లో ఆరు నెలలు పరీక్షించిన ఆ యంత్రపు మెమరీలో పారిటీ బిట్ మాత్రమే ఉండేది. అది తప్పును పట్టుకోగలదే గాని సరిచేయలేదు. ఆ కాలంలో 152 మెమరీ తప్పులు నమోదయ్యాయి. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉన్న ఆ ఊళ్లో కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లు ఎక్కువ. తప్పులకు అవే కారణమని తర్వాతి పరిశోధకులు తేల్చారు. తరువాతి క్రే-1లలో 64 బిట్ల పదానికి 8 తనిఖీ బిట్లు చేర్చి, ఒక బిట్ తప్పును అక్కడికక్కడే సరిదిద్దారు.

మెమరీ కుదుటపడినా నోడ్లు ఆగడం తప్పలేదు. దానికి మందు చెక్‌పాయింట్: గణన ఎంతవరకు వచ్చిందో అప్పుడప్పుడు భద్రపరిచి, ఆగిపోతే అక్కడినుంచే మళ్లీ మొదలుపెట్టడం. ఎంతసేపటికోసారి భద్రపరచాలో 1974లో జాన్ యంగ్ చెప్పారు. భద్రపరచడానికి పట్టే సమయాన్ని, లోపాల మధ్య సగటు విరామాన్ని గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీయాలి. అయిదు నిమిషాలు పట్టే చెక్‌పాయింట్, రోజుకొక లోపం అనుకుంటే రెండు గంటలకోసారి. అప్పుడు యంత్రకాలంలో పన్నెండో వంతు వృథా. ఆరు గంటలకొక లోపమైతే గంటకోసారి. వృథా ఆరో వంతు. ఈ లెక్క చూసే, సెకనుకు 10^18 లెక్కలు చేసే ఎక్సాస్కేల్ యంత్రాల్లో చెక్‌పాయింట్లకే కాలమంతా సరిపోతుందని 2008 ప్రాంతంలో చాలామంది భయపడ్డారు. భయం నిరాధారం కాదు. అయితే నోడ్ల దగ్గరే ఉండే వేగవంతమైన నిల్వలో ముందు రాసి, కొన్నింటినే ఉమ్మడి డిస్కులకు పంపే పద్ధతి ఆ వ్యయాన్ని తగ్గించింది. 2022లో ఓక్ రిడ్జ్‌లోని ఫ్రాంటియర్ సూపర్‌కంప్యూటర్ ఆ ఎక్సాఫ్లాప్ వేగాన్ని దాటింది. ప్రతి పనినీ రెండుచోట్ల నడిపితే సరిపోదా అంటే, విమానంలో అది న్యాయమే. ఇక్కడ సగం యంత్రాన్ని వదులుకోవాలి.

అసలు ప్రమాదం ఆగిపోని యంత్రంతోనే ఉంది. లెక్క తప్పినా పని సాగుతుంటే, తప్పుడు ఫలితమే చెక్‌పాయింట్‌లోకి చేరుతుంది. మాత్రికలకు తనిఖీ మొత్తాలు జోడించి గణనలోనే తప్పును పట్టే దారిని 1984లోనే హువాంగ్, అబ్రహాం చూపారు. దాన్ని ఇంకా విరివిగా వాడాలి. ఏటా జూన్, నవంబరుల్లో వెలువడే టాప్500 జాబితా సూపర్‌కంప్యూటర్లకు వేగాన్నిబట్టి స్థానాలు ఇస్తుంది. లోపాల మధ్య విరామం ఎంతో చెప్పే గడి అందులో లేదు. ఉండి తీరాలి.