ఒడలిలో మందు నిలుచు కాలము



మూర్ఛరోగమునకు గాని, సగము తలను పట్టుకొని వేధించు శిరోవేదనకు గాని వైద్యుడు మాత్రలు వ్రాసి యిచ్చినపుడు ఇంటి యజమాని యడుగు మొదటి ప్రశ్న, "దీని వెల యెంత?" అనునది. రెండవది, "ఈ మందు ఒంటిలో ఎన్నాళ్లుండును?" అనునది. మొదటిదానికి మందులషాపువాడు తడుముకొనక బదులు చెప్పును. రెండవదానికి బదులు చెప్పుటకు లోకమునకు చాలకాలము పట్టినది. ఆ వృత్తాంతమును నేడు మీకు విన్నవింప దలచితిని.

మన పూర్వులు ఈ రోగమునకు అపస్మారమని పేరిడిరి. స్మృతి తొలగిపోవుట యని యర్థము. పేరులోనే లక్షణము గోచరించుచున్నది. చరకసంహితలో నిదానస్థానమున నొక యధ్యాయమును, చికిత్సాస్థానమున నొక యధ్యాయమును దీనికే కేటాయింపబడినవి. వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదములచే నిది నాలుగు విధములని చెప్పి, పంచగవ్య ఘృతము, బ్రాహ్మీ ఘృతము మున్నగు ఔషధములను విధించిరి. శిరోరోగములలో అర్ధావభేదకము, సూర్యావర్తము అని రెండు కలవు. మొదటిది సగము తలను చీల్చునట్లు బాధించును. రెండవది ప్రొద్దెక్కిన కొలది హెచ్చి, ప్రొద్దు వాలిన కొలది తగ్గును. నేటి వైద్యులు మైగ్రేను అనునది చాలవఱకు అర్ధావభేదకమును పోలియున్నది. మన పల్లెలలో మూర్ఛను కాకిసొమ్మ యనియు, గాలి సోకినదనియు చెప్పుకొనుట మీరెఱిగినదే. రోగి పడిపోగానే చేతిలో తాళముచెవులు పెట్టుట నేటికిని కలదు. దానివలన ప్రయోజన మేమియు లేదు. రోగిని ప్రక్కకు ఒత్తిగిలజేసి, నోటిలో ఏమియు పెట్టక, దెబ్బ తగులకుండ కాచియుండుటయే చేయదగినది.

కాలమును గూర్చి పూర్వులు తలపోయక పోలేదు. శార్ఙ్గధరుడు చూర్ణములకు రెండు మాసములు దాటిన వీర్యము తగ్గునని చెప్పెను. కాని యది భరణిలో మందు నిలుచు కాలమే కాని, ఒడలిలో నిలుచు కాలము కాదు. లోనికి పోయిన మందు జీర్ణమైనదని తెలిసికొనుటకు ఆకలి, దప్పిక, శరీరమునకు తేలికదనము మొదలగు గుర్తులను చరకుడు చెప్పెను. గుర్తులు చెప్పిరి, గంటలు లెక్కింపలేదు. రక్తమున మందును తూచు సాధనము లేని కాలమున అంతకు మించి యెవరు మాత్రము చెప్పగలరు?

మూర్ఛకు నిజముగ పనిచేసిన మొదటి రసాయన ఔషధము బ్రోమైడు. 1857లో లండను నగరమున, విక్టోరియా రాణికి పురుడు పోసిన వైద్యుడు సర్ చార్లెస్ లోకాక్ దీనిని గూర్చి యొక వైద్యసభలో చెప్పెను. ఆయన దీనిని వాడుటకు చెప్పుకొన్న కారణము తప్పు. మందు మాత్రము పనిచేసెను. వైద్యచరిత్రలో ఇట్టివి తఱచుగ కానవచ్చును. అర్ధశతాబ్దికి పైగా బ్రోమైడే దిక్కయ్యెను.

అయితే బ్రోమైడు మిక్కిలి తీరికగా వెడలిపోవు మందు. నేడు తీసికొన్న బ్రోమైడులో సగము వెడలుటకు సుమారు పండ్రెండు దినములు పట్టును. ప్రతిదినము త్రాగువానికి లోపల పేరుకొని పేరుకొని, ఒంటిపై పొక్కులు, మాట తడబాటు, మతిమాంద్యము, తుదకు ఉన్మాదము వంటి స్థితి కలిగెడివి. చూచినవారు రోగము ముదిరినదనుకొనిరి. ముదిరినది రోగము కాదు, మందు.

ఇచట మన సీమవారికి సుబోధమగు విశేష మొకటి కలదు. మూత్రపిండములు బ్రోమైడును, ఉప్పులోని క్లోరైడును ఒకే తీరున చూచును. ఉప్పు హెచ్చుగ తిన్నవానికి బ్రోమైడు త్వరగా బయటికి పోవును. ఉప్పు మానినవానికి లోపల నిలిచిపోవును. కావుననే ఆనాటి ఐరోపా వైద్యులు రోగులకు ఉప్పు తగ్గించి, కొంచెము మందుతోనే పని సాధింప జూచిరి. మన నౌపడ ఉప్పుమడులలో ఉప్పు తీసిన పిమ్మట మిగులు చేదునీటిలో బ్రోమైడు కలదు. రోగమునకు మందును, ఆ మందును వెడలగొట్టు ఉప్పును ఒకే సముద్రజలమున నున్నవని తలంచిన నాకు వింతగా తోచును.

1912లో జర్మనీయందు ఆల్ఫ్రెడ్ హాప్ట్మన్ అను యువ వైద్యుడు, నిద్రకై వచ్చిన లూమినల్ అను క్రొత్తమందును మూర్ఛరోగులకిచ్చి, వారికి మూర్ఛలు తగ్గుట కనిపెట్టెను. ఆయన రోగుల గదులపైనే కాపురముండి, రాత్రులు వారు పడుచప్పుడులకు నిద్రపట్టక, వారైనను నిద్రపోవుదురుగాక యని ఇచ్చెనని చెప్పుదురు. అదియే ఫినోబార్బిటాలు; మన దేశమున గార్డినాల్ అను పేర పెక్కు ఇండ్లకు పరిచితమైనది. ఆయన యూదుడగుటచే 1938లో నాజీలు దఖౌ నిర్బంధశిబిరమున బంధించిరి. విడుదలయై అమెరికాకు వలసపోయి, 1948లో బోస్టను నగరమున మరణించెను. ఆయన కనిపెట్టిన ఔషధము నేటికిని పేదల మందుగా నిలిచియున్నది. పెద్దవారి ఒడలిలో దీని సగము తగ్గుటకు సుమారు నాలుగు దినములు పట్టును.

ఈ "సగము" లెక్క యేమో చెప్పవలెను. చెఱువునకు తూము కలదు కదా, మన వైపు మదుము అందురు. నీరు నిండుగనున్నపుడు ధార బలముగ నుండును. మట్టము తగ్గినకొలది ధారయు సన్నగిల్లును. కావున మొదటి సగము పోవుటకు ఎంతకాలమో, మిగిలినదానిలో సగము పోవుటకును అంతే కాలము. మందు సగమగు ఈ కాలమునకు శాస్త్రజ్ఞులు అర్ధాయువు అని పేరిడిరి. అట్టివి అయిదు గడచునప్పటికి ముప్పదిరెండింట నొక పాలు మాత్రము మిగులును; ఆచరణలో మందు పోయినట్లే. స్వీడను దేశమున విడ్మార్క్, 1937లో టియొరెల్, 1953లో జర్మను శిశువైద్యుడు డోస్ట్, ఒకరి వెనుక నొకరుగా ఈ గణితమును వైద్యమునకు తెచ్చిరి. దీనిచే చూడగా బ్రోమైడు వెడలుటకు రెండు నెలలు, గార్డినాల్ వెడలుటకు ఇరువది దినములు.

తూము పోలికకు లొంగని మందు ఒకటి కలదు. 1938లో బోస్టనునందు మెరిట్, పట్నమ్ అను వైద్యులు పిల్లులపై పరీక్షించి ఫినిటోయిన్ అను దానిని వెలువరించిరి. నిద్ర తెప్పింపకయే మూర్ఛ నాపవచ్చునని దీనితో తేలెను. మన అంగళ్లలో ఎప్టాయిన్ అని యడిగిన ఇచ్చునది యిదియే. దీనిని కాలేయము పరిమితముగనే మార్చగలదు. ఒక హద్దు దాటెనా, చెఱువెంత నిండినను తూము అంతకు మించి విడువదు. అప్పుడు మాత్ర కొంచెము పెంచినను రక్తములోని మట్టము ఒక్కసారిగా ఎగయును; రోగి తూలుచు నడచును, కన్నులు నిలువవు. మాత్రను అరముక్క కూడ సొంతముగా పెంచరాదని వైద్యులు గట్టిగా చెప్పుట కిది కారణము.

ఇక మూర్ఛకును, మైగ్రేనుకును రెంటికి వాడబడు టోపిరమేటు అను మందునకు వచ్చుచున్నాను. 1979లో అమెరికాయందు బ్రూస్ మేరియనాఫ్ అను రసాయనజ్ఞుడు మధుమేహమునకు మందు వెదకుచు, పండ్లలోని చక్కెర జాతియగు ఫ్రక్టోజు నుండి దీనిని చేసెను. మధుమేహమునకు పనికిరాలేదు, మూర్ఛకు పనికివచ్చెను. 1995లో ఇంగ్లండునందును, 1996లో అమెరికాయందును మూర్ఛకై అనుమతి లభించెను. 2004లో మైగ్రేను రాకుండ నివారించుటకును అమెరికాలో అనుమతించిరి. నొప్పి వచ్చినపుడు వేసికొనునది కాదు. నొప్పి రాకుండ నిత్యము వేసికొనునది.

ఆరోగ్యవంతుని యొడలిలో దీని అర్ధాయువు ఇరువదియొక గంటలు. అయిదింతలు చేసిన 105 గంటలు, అనగా నాలుగు దినములు దాటి కొంత. మానివేసిన మందు వెడలుటకును, దినదినము వేసికొను మందు ఒక మట్టమునకు వచ్చి నిలుచుటకును ఇంచుమించు అదియే కాలము. ప్రక్కన ఫినిటోయిన్ గాని, కార్బమాజెపైన్ గాని వాడుచున్నచో, అవి కాలేయమును పురికొల్పి దీనిని వేగముగ వెడలించును. రక్తమున దీని పాలు సగము వఱకు తగ్గవచ్చును.

లెక్క వినిన పెద్దలకు ఒక భ్రమ కలుగవచ్చును. నాలుగు దినములు ఒంటిలో నుండునట గదా, రెండుమూడు దినములు మానిన నేమగునని. నే నెఱిగిన యొక కుటుంబమువారు పైడితల్లి సిరిమానోత్సవమునకు విజయనగరమునకు బంధువుల యింటికి పోవుచు, కూతురి మాత్రల పొట్లమును ఇంటనే మఱచిరి. మూడుదినములే కదా, ఏడాదినుండి మూర్ఛ రాలేదు కదా యని యూరకొనిరి. మూడుదినముల కాలములో ఈ మందు పదింట నొక పాలుకంటె తక్కువకు దిగును. మూడవనాటి రాత్రి జనసమ్మర్దమున నా పిల్ల పడెను. ఏడాది మూర్ఛ రాకుండుటకు కారణము మాత్రయే యని వారికి అప్పుడు తెలిసెను. మందు నాలుగు దినములలో పోవును. రోగము అట్లు పోదు. హఠాత్తుగ మానిన వానికి మూర్ఛపై మూర్ఛ ఎడతెగక వచ్చి ప్రాణాపాయము కలుగుట కలదు. మానదలచినను వైద్యుని చెప్పికలో వారములు, నెలలు పట్టి మెట్టుమెట్టుగ దింపవలెను.

పెండ్లిచూపుల నాడు మాత్రలు దాచి, పిల్లచే మాన్పించువారును కలరు. 1976లో హిందూ వివాహ చట్టమును సవరించినపుడు పలుమాఱు మూర్ఛలు వచ్చువారు వివాహమున కనర్హులని చేర్చిన మాట నిజమే. కాని 1999లో ఆ మాటను చట్టమునుండి తొలగించిరి. చట్టము విడిచిన వెఱపును మనము పట్టుకొని యుండుట న్యాయము కాదు. అయితే పెండ్లియైన పిమ్మట గర్భము ధరింపగోరు స్త్రీ టోపిరమేటు, వాల్ప్రోయేటు వంటి మందుల సంగతి ముందుగనే వైద్యునితో మాటాడుట అవశ్యము. ఇవి గర్భస్థ శిశువునకు కీడు చేయగలవు.

ఇప్పుడు ఉద్దానము మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములు కొబ్బరితోటలకును, జీడితోటలకును పేరెన్నికగన్నవి. పలు దశాబ్దములుగా అచటివారి మూత్రపిండములు చెడిపోవుచున్నవి. కారణ మిదియని నిశ్చయముగ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రియు, హిరమండలము జలాశయమునుండి ఆ గ్రామములకు త్రాగునీటి పథకమును ప్రారంభమయ్యెను.

దీనికిని మన విషయమునకును సంబంధ మేమనగా, టోపిరమేటులో నూటికి డెబ్బది పాళ్లు మార్పు లేకయే మూత్రపిండములద్వారా వెడలును. అవి చెడినచో తూమునకు మట్టి పూడినట్లే. మందు వెడలు వేగము సగమునకు తగ్గును. నాలుగు దినముల లెక్క ఎనిమిది తొమ్మిది దినములగును. అందఱకు నిచ్చు మోతాదునే ఇచ్చినచో రెట్టింపు పేరుకొని, మగత, మాటకు పదము తోచకుండుట, రక్తమున పులుపు హెచ్చుట మొదలగునవి కలుగును. అందుచే మూత్రపిండములు బలహీనమైనవారికి మామూలు మోతాదులో సగము ఇయ్యవలెనని నియమము. నేడు తఱచుగ వ్రాయు లెవిటిరాసిటాముకును ఇట్టి తగ్గింపు కావలెను. అదియు అధికభాగము మూత్రముననే పోవును. టోపిరమేటువలన కొందఱకు మూత్రపిండములలో రాళ్లు కట్టును. పిల్లలకు చెమట పట్టక, వేసవి యెండలలో ఒడలు కాగుట కలదు. మన తీరపు వైశాఖమాసము సంగతి మీకు చెప్పనక్కఱలేదు.

కావున ఉద్దానపు రోగి మూర్ఛకో తలనొప్పికో క్రొత్త వైద్యునికడ కేగినపుడు తన క్రియాటినిన్ పరీక్ష కాగితమును వెంట గొనిపోవలెను. పట్టణమున నున్న వైద్యునికి మనిషి మొగము చూచి మూత్రపిండముల స్థితి తెలియదు. డయాలిసిస్ చేయించుకొనువారి విషయము వేఱు. ఆ యంత్రము టోపిరమేటును ఆరోగ్యవంతుని మూత్రపిండములకంటె నాలుగు నుండి ఆఱు రెట్లు వేగముగ లాగివేయును. ఉదయము మాత్ర వేసికొని డయాలిసిస్‌కు పోయినవాడు సాయంకాలము ఇల్లు చేరునప్పటికి, లోపల మందు చాలక మూర్ఛ రావచ్చును. ఆ దినమున మాత్ర ఎప్పుడు వేసికొనవలెనో, మఱికొంత అదనముగ వలయునో వలదో, డయాలిసిస్ చేయు వైద్యుని ముందుగనే యడిగి కాగితముపై వ్రాయించుకొనవలెను.